పెరూజా కేసు గురించి తీర్పు చెప్పే ముందు ఇబ్రహీంపట్నం గుర్తుచేసుకుందాం

సుజాత_మారతహళ్ళి | శనివారం రాత్రి 9:10

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక కబుర్లలో అమండా నాక్స్ కేసు వచ్చింది. 2025 జనవరి 23న ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆమె మీద మిగిలిన ఆ ఒక్క శిక్షనీ, అంటే తాను పనిచేసే బారు యజమానే హత్య చేశాడని తప్పుడు నింద వేసినందుకు పడినదాన్ని, ఖాయం చేసింది కదా, అక్కణ్ణుంచి మొదలైంది. ఒకాయన "ఇటలీ కోర్టులు మన కోర్టులకంటే అధ్వానం" అన్నారు. ఇంకొకావిడ "ఆ పిల్ల మొహం చూస్తేనే తెలుస్తుంది చేసిందని" అన్నారు. నాకు ఆ రెండో మాట దగ్గర అన్నం గొంతులో అడ్డం పడ్డట్టయింది. ఎందుకంటే ఒకప్పుడు అచ్చం అలాంటి మాటే నేనూ అన్నాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 2007 నవంబర్ 1 రాత్రి ఇటలీలోని పెరూజాలో మెరెడిత్ కెర్చర్ అనే 21 ఏళ్ళ బ్రిటిష్ విద్యార్థినిని ఆమె అద్దె ఇంట్లోనే గొంతు కోసి చంపారు. అదే ఇంట్లో ఉంటున్న అమెరికా అమ్మాయి నాక్స్‌నీ, ఆమె స్నేహితుడు "సొలేచితో" అనే ఇటలీ అబ్బాయినీ నవంబర్ 6న అరెస్టు చేశారు. 2009లో ఆమెకు 26 ఏళ్ళు, అతనికి 25 ఏళ్ళు శిక్ష. 2011లో అప్పీలులో విడుదల. 2013లో ఆ విడుదల కొట్టేశారు. 2014లో మళ్ళీ శిక్ష, ఈసారి ఆమెకు 28 ఏళ్ళ 6 నెలలు. 2015 మార్చి 27న ఇద్దరూ నిర్దోషులని పైకోర్టు కేసు మూసేసింది.

ఇప్పుడు నా సంగతి. 2007లో నేను విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ చదువుతూ లేడీస్ హాస్టల్లో ఉన్నాను. పెరూజా హత్య జరిగిన రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 27న, ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉన్న బి.ఫార్మసీ అమ్మాయిని చంపేశారు. మా హాస్టల్లో ఆ నెలంతా ఎవరం బాత్‌రూముకి ఒంటరిగా వెళ్ళలేదు. మంచాలు తలుపులకి అడ్డంగా జరుపుకుని పడుకునేవాళ్ళం. 2008 ఆగస్టులో ఒక కుర్రాణ్ణి పట్టుకున్నామని పోలీసులు టీవీలో చూపించారు. మేం హమ్మయ్య అనుకున్నాం. నేనైతే "మొహం చూడు, వీడే" అన్నాను. ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదు, ఇతను కాదు అని చెబుతుంటే కూడా వినలేదు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కుర్రాణ్ణి నిర్దోషిగా వదిలింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. నేను అప్పటికి బెంగళూరు వచ్చేసి, పెళ్ళయి, పాపని ఎత్తుకుని ఆ వార్త చదివాను.

నాక్స్ జైల్లో ఉన్నది నాలుగేళ్ళకు కాస్త తక్కువ. మనవాడు దానికి రెట్టింపు. ఏ దేశపు కోర్టు గొప్పది అని తేల్చేముందు ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందామా?

చంద్ర_చిత్తూరు | శనివారం రాత్రి 9:42

సుజాత గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఈ రెండూ ఒకటి కాదండీ. మనవాడు పేదవాడు, వెనక ఎవరూ లేరు. ఆ పిల్ల వెనక అమెరికా ఉంది. అక్కడి టీవీలన్నీ నాలుగేళ్ళు ఆమె తరఫునే మాట్లాడినాయి. పాస్‌పోర్టు బలం అది. అదే ఏ ఆఫ్రికా పిల్లో, మన పిల్లో అయ్యుంటే ఇంకా లోపలే ఉండేది.

హరిత_హెచ్ఎస్ఆర్ | శనివారం రాత్రి 9:50

నేను ఓటీటీలో డాక్యుమెంటరీ చూసినదాన్నే, అంతకుమించి తెలీదు. చంద్ర గారూ, మరి సొలేచితో ఇటలీ అబ్బాయే కదా, అతన్నీ వదిలేశారుగా? ఇంకొకతను ఉన్నాడు, అతనికి మాత్రం శిక్ష పడింది. అతని గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

స్వప్న_కోరమంగళ | శనివారం రాత్రి 10:25

హరితా, అతని పేరు రూడీ గెడే. ఐవరీ కోస్ట్‌లో పుట్టి పెరూజాలో పెరిగాడు. గదిలో రక్తంతో పడిన అరచేతి ముద్ర అతనిది, డీఎన్‌ఏ అతనిది. అతను విడిగా త్వరిత విచారణ కోరుకున్నాడు. ఇటలీలో అలా కోరుకుంటే పూర్తి సాక్షుల విచారణ ఉండదు, దానికి బదులు శిక్షలో మూడో వంతు తగ్గిస్తారు. 2008లో 30 ఏళ్ళు వేశారు, అప్పీలులో దాన్ని 24కి తెచ్చి, మూడో వంతు తీసేసి 16 చేశారు. 2021లో బయటికొచ్చాడు.

నేను బొలోన్యాలో రెండేళ్ళు చదువుకున్నాను. అక్కడి ఇంటివాళ్ళావిడ ఈ కేసు గురించి మాట్లాడని రోజు లేదు. అందుకని వాళ్ళ పద్ధతి కొంచెం తెలుసుకున్నాను. హత్య కేసులు వినే కోర్టులో ఎనిమిది మంది కూర్చుంటారు. ఇద్దరు ఉద్యోగ జడ్జీలు, ఆరుగురు మామూలు పౌరులు. ఆ పౌరులు భుజం మీదుగా మూడు రంగుల పట్టీ కట్టుకుంటారు, మన ఊళ్ళల్లో అవార్డు ఇచ్చేటప్పుడు వేసే శాష్ లాగా. ఎనిమిది మందివీ సమానమైన ఓట్లే. ఓటింగులో ముందు పౌరులు, వాళ్ళలోనూ చిన్న వయసువాళ్ళతో మొదలుపెడతారు, పెద్ద జడ్జీ మాట విని తలూపకుండా. సగం సగం చీలితే ముద్దాయికి అనుకూలమైనదే తీర్పు. ఇది నాకు చాలా నచ్చింది.

నచ్చనిది కూడా చెప్తాను. ఆ పౌరుల్ని విచారణ జరిగినన్ని నెలలూ ఇళ్ళకి పంపిస్తారు. పేపర్లు చదువుతారు, టీవీ చూస్తారు. బ్రిటిష్ పత్రికలు ఆమెకు ఏదో ముద్దుపేరు పట్టుకుని శీర్షికలు పెట్టిన రోజులవి. ఆ ముద్దుపేరు ఆమె చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆటలో వచ్చిందట. పైగా ఇటలీలో హతురాలి కుటుంబం నష్టపరిహారం కేసు, బారు యజమాని మీద తప్పుడు నింద వేసిన కేసు, అసలు హత్య కేసు, మూడూ ఒకే కోర్టులో కలిపి నడిచాయి. పోలీసుల దగ్గర ఆమె సంతకం పెట్టిన కాగితం హత్యకు సాక్ష్యంగా పనికిరాదని పైకోర్టు ముందే చెప్పింది. కానీ నింద కేసులో అదే కాగితం ఆ ఎనిమిది మంది ముందే చదివారు. ఒకసారి చెవిన పడ్డదాన్ని హత్య సంగతి తేల్చేటప్పుడు పక్కన పెట్టమంటే మనిషికి సాధ్యమవుతుందా?

మురళి_కేఆర్‌పురం | శనివారం రాత్రి 11:05

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

మా మేనమామని అనంతపురం జిల్లాలో గట్టు తగాదాలో నరికినారు. నాకప్పుడు పదకొండేళ్ళు. నేను ఇంజనీరింగ్ అయిపోయి ఇక్కడ ఉద్యోగంలో చేరినాక ఆ కేసు కొట్టేశారు. పదకొండేళ్ళు. ప్రతి వాయిదాకీ మా అమ్మ టిఫిన్ డబ్బా కట్టుకుని బస్సెక్కేది. ఎనిమిది మంది సాక్షుల్లో ఐదుగురు అడ్డం తిరిగినారు. ఒకాయన మా అత్త మొహం చూడలేక తల దించుకుని "నాకేం తెలీదు" అని చెప్పి దిగిపోయినాడు. చంపినవాళ్ళు ఇప్పటికీ అదే ఊళ్ళో, అదే బోరు నీళ్ళతో వ్యవసాయం చేస్తున్నారు.

కాబట్టి నాకు ఇటలీ ఎట్లా కనిపిస్తుందంటే, 2007లో హత్య, 2015కి ఐదు కోర్టు తీర్పులు, ఆఖరి మాట కూడా అయిపోయింది. ఏడున్నరేళ్ళు. మా మామ కేసులో అంతకాలానికి పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు సాక్ష్యమే కాలేదు. తప్పు చేసి దిద్దుకున్నారు అంటున్నారు గదా, దిద్దుకోవడానికైనా ముందు తీర్పంటూ రావాల. మా అత్తకి తప్పు తీర్పు కూడా సమయానికి దొరకలేదు.

సుజాత_మారతహళ్ళి | శనివారం రాత్రి 11:20

మురళి గారూ, మీ అమ్మగారి టిఫిన్ డబ్బా గురించి చదివి కాసేపు ఏం రాయలేకపోయాను. మీరన్నది నిజం. ఆలస్యాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

వకీలు_రామ్మోహన్ | ఆదివారం ఉదయం 7:15

ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తున్నాను. పొద్దున్నే కాఫీతో ఇది చదివాను. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఒకటుంది, అది కొంచెం పెద్దగా రాస్తాను.

ఏ దేశమైనా తప్పు చేస్తుంది. చూడాల్సింది ఆ తప్పు ఎక్కడ జరిగిందో తరువాతివాళ్ళకి కనబడుతుందా లేదా అని. అమెరికాలో పన్నెండు మంది జ్యూరీ గదిలోకి వెళ్తారు, బయటికొచ్చి ఒక్క మాట చెప్తారు. కారణం చెప్పరు, చెప్పమని అడగరు. మాజీ భార్యని చంపాడని ఓ.జె. సింప్సన్ అనే ఆటగాడి మీద నడిచిన కేసు గుర్తుందా? ఎనిమిది నెలలకు పైగా విచారణ, 1995 అక్టోబర్‌లో నాలుగు గంటల్లోపే నిర్ణయం. నిర్దోషి అన్నాక అక్కడ ప్రభుత్వానికి అప్పీలు లేదు. అంతే.

ఇటలీలో తీర్పు చెప్పిన జడ్జీలు ఎందుకు చెప్పారో రాయాలి. 2009 నాటి శిక్షకి కారణాలు నాలుగు వందల పేజీలు దాటాయి. ఆ పేజీల్లో ఉన్నవాటినే అప్పీలులో డిఫెన్సు ఒక్కొక్కటీ పట్టుకుంది. అప్పీలు కోర్టు రోమ్‌లోని విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు నిపుణుల్ని వేసుకుని సొలేచితో ఇంట్లో దొరికిన కత్తినీ, హతురాలి బ్రా కొక్కేన్నీ మళ్ళీ పరీక్షింపజేసింది. వాళ్ళు ఆ డీఎన్‌ఏ నమ్మదగినది కాదన్నారు. రాతలో ఉంది కాబట్టి తప్పు దొరికింది.

మనది ఈ విషయంలో ఇటలీకి దగ్గర. మన సెషన్స్ జడ్జి ఒక్కడే కూర్చుంటాడు. కానీ తేల్చవలసిన అంశాలేవి, ఒక్కోదాని మీద నిర్ణయమేమిటి, కారణమేమిటి అని తీర్పులో రాసి తీరాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 354వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 393. ఇబ్రహీంపట్నం కేసు హైకోర్టులో నిలబడనిది అందుకే. కింది కోర్టు ఏ సాక్ష్యాన్ని ఎందుకు నమ్మిందో కాగితం మీద ఉంది, దాన్ని పైవాళ్ళు చదవగలిగారు. హైకోర్టు ఆ కుర్రాడికి లక్ష రూపాయలు ఇవ్వమనీ, దర్యాప్తు చేసినవాళ్ళ మీద చర్య తీసుకోమనీ కూడా చెప్పింది.

మనకూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో 8 మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. బొంబాయి హైకోర్టు దాన్ని తోసేసి యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 కోడ్ వచ్చేసరికి జ్యూరీ పూర్తిగా పోయింది. బయట జనం ఎవరి వైపు ఉంటే జ్యూరీ అటు ఒరుగుతుందన్న భయం అప్పట్లో గట్టిగానే ఉండేది.

హరిత గారూ, ఒకటి గమనించండి. పోలీసుల దగ్గర ముద్దాయి ఒప్పుకున్నాడన్న మాట మన చట్టంలో సాక్ష్యం కాదు. 1872 నుంచీ అంతే, పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 23. తెల్లదొరలే మన పోలీసుల్ని నమ్మలేదు. కాబట్టి టీవీలో "నేరం అంగీకరించిన నిందితుడు" అని వచ్చిందంటే కోర్టులో దాని విలువ సున్నా అని గుర్తుపెట్టుకోండి.

నారాయణప్ప_ముళబాగిలు | ఆదివారం ఉదయం 9:00

రామ్మోహన్ సారు చెప్పింది సరిగా ఉండాది. నేను కోర్టులో శిరస్తేదారుగా చేసి రిటైరైనాను. ఇప్పుడు బసవనగుడిలో మా కొడుకు దగ్గర ఉంటాను. మేము తాతల కాలం నుంచి ముళబాగిలు తెలుగోళ్ళం, నా తెలుగులో కన్నడం కలుస్తాది, మన్నించండి.

ఆ కొక్కెం సంగతి ఎవరన్నా వివరంగా రాస్తారేమో అని చూసినాను. హత్య జరిగినప్పుడు మొదటి రోజు ఆ కొక్కెం నేల మీద ఉన్నట్టు ఫోటో తీసినారు, కానీ తీసుకోలేదు. 46 దినాలైనాక మళ్ళీ పోయి తీసుకున్నారు. అప్పటికి అది మొదట ఉన్న చోటు నుంచి మీటరుకు పైగా జరిగి ఉండాది. నడాన ఎంతమంది ఆ గదిలోకి పోయినారో! సొలేచితో డీఎన్‌ఏ దాని మీద ఉందని శిక్ష వేసినారు.

మా కోర్టులో ముద్దెమాలు రూము, అంటే కేసుల్లో పట్టుకున్న వస్తువులు పెట్టే గది, నా కింద ఉండేది. మహజరు (పంచనామా) రాసేటప్పుడు పంచులు, అంటే చూసిన సాక్షులు, ఇద్దరు సంతకం చేయాల, వస్తువుని గుడ్డలో చుట్టి, లక్క పోసి, సీలు వేసి, అదే సీలు నమూనా వేరే కాగితం మీద వేసి మడివాళలో ఉండే ఎఫ్ఎస్ఎల్‌కి (ఫోరెన్సిక్ ల్యాబుకి) పంపాల. అక్కడ వాళ్ళు ముందు చూసేది సీలే. పంపిన సీలు, వచ్చిన సీలు ఒకటి కాకుంటే అట్లనే రాస్తారు. ఇవన్నీ చదవను చిన్న సంగతుల మాదిరి ఉంటాయి.

ఒక కేసులో నా కళ్ళారా చూసినాను. ఏ ఊరు కోర్టు అని చెప్పను. కొడవలి మీద రక్తం ఉండాదని మహజరులో ఉంది. మూట విప్పితే లక్క చిట్లి పోయి ఉంది. రెండు సంవత్సరాలు ఆ మూట స్టేషన్లో ఒక బీరువాలో పడి ఉండె, ముందే పంపలేదు. డిఫెన్సు లాయరు ఒక్క ప్రశ్న అడిగినాడు, "ఈ రెండు సంవత్సరాలు ఆ బీరువా బీగం ఎవరి దగ్గర ఉండె?" ఎస్సై జవాబు చెప్పలేదు. ముద్దాయి ఇంటికి పోయినాడు. అతను చేసినాడో లేదో నాకు ఈ దినానికీ తెలీదు. చనిపోయిన మనిషి భార్య కోర్టు మెట్ల మీద కూచుని నన్ను చూసి "సామీ, బీగం ఎవరి దగ్గరుంటే ఏమి, కొడవలి అదే కదా" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. మురళి స్వామి రాసింది చదివి ఆమె జ్ఞాపకం వచ్చింది.

చంద్ర_చిత్తూరు | ఆదివారం ఉదయం 9:40

నారాయణప్ప గారికి నమస్కారం. హరిత గారు అన్నది కూడా ఆలోచించినాను. సొలేచితోని వదిలినారు కాబట్టి పాస్‌పోర్టు ఒక్కటే కాదు, ఒప్పుకుంటాను. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ పిల్ల నోటితో మొదట వచ్చిన పేరు ఎవరిది? తాను పనిచేసే బారు యజమానిది, నల్లజాతి మనిషిది. అతను రెండు వారాలు జైల్లో కూర్చున్నాడు. ఆ రాత్రి బారులో తనతో ఉన్న మనిషి వచ్చి చెప్తే గానీ బయటపడలేదు. అతని బారు, అతని పరువు ఎవరు తిరిగిచ్చినారు? ఇప్పుడు 2025లో ఖాయమైంది ఆ నింద కేసే. ఆ మూడేళ్ళ శిక్ష సరైనదే అని నా అభిప్రాయం.

స్వప్న_కోరమంగళ | ఆదివారం ఉదయం 10:30

చంద్ర గారూ, ఆ మనిషికి జరిగింది ఘోరమే. కానీ ఆమె ఆ పేరు ఎలా చెప్పిందో కూడా చూడాలి. 20 ఏళ్ళ పిల్ల, భాష సరిగా రాదు, నవంబర్ 5 రాత్రంతా స్టేషన్లో లాయరు లేకుండా కూర్చోబెట్టి తెల్లవారుజామున సంతకం పెట్టించుకున్నారు. 2019లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇటలీదే తప్పని చెప్పింది. లాయరుని ఇవ్వలేదు, దుబాసీగా వచ్చినావిడ దుబాసీ పని దాటి ప్రవర్తించింది అని. అందుకే ఆ నింద కేసు మళ్ళీ తెరిచారు. 2024 జూన్‌లో ఫ్లోరెన్స్ కోర్టు, ఆమె తర్వాత సొంత చేతిరాతతో రాసిన కాగితాన్ని పట్టుకుని మళ్ళీ అదే శిక్ష వేసింది. నాకు అది న్యాయంగా తోచలేదు. మీకు తోచింది. ఇద్దరం ఒకే కాగితాలు చదివాం మరి.

శ్రీలత_వరంగల్ | ఆదివారం మధ్యాహ్నం 12:15

నిన్నటి నుంచి చదువుతున్న, రాయాల్నా వద్దా అనుకుంటూ.

మురళి అన్నా, కోర్టులు ఆలస్యం అన్న మాట దగ్గర నాకు 2019 డిసెంబర్ 6 యాదికొచ్చింది. వెటర్నరీ డాక్టరమ్మ కేసు. పొద్దుగాల లేచేసరికి నలుగురినీ ఎన్‌కౌంటర్ చేసిండ్రని వార్త. అక్కడ జనం పోలీసుల మీద పూలు జల్లిండ్రు. నేను ఇక్కడ బెల్లందూరులో ఆఫీసుల స్వీట్లు పంచిన. నిజంగా పంచిన. మా టీమ్‌ల కన్నడమోళ్ళు, తమిళోళ్ళు గూడ తిన్నరు. ఒక్క అమ్మాయి తినలే. "విచారణ కాలేదు కదా" అన్నది. నాకు ఆమె మీద చానా కోపమొచ్చింది.

తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022ల బయటికొచ్చింది. పోలీసులు కావాలనే కాల్చిండ్రు, ఆత్మరక్షణ అన్నది కట్టుకథ అని రాసిండ్రు. ఆ నలుగురిల ముగ్గురు అప్పటికి మైనర్లు అని గూడ రాసిండ్రు. వాళ్ళే చేసిండ్రా అన్నది ఇగ ఎన్నడూ ఏ కోర్టుల తేలదు. తప్పు దిద్దుకునే దారే లేకుండ చేసిండ్రు. ఇటలీల ఆ పిల్లని నాలుగేళ్ళు లోపల పెట్టినా మనిషి ప్రాణంతోని ఉంది కాబట్టి విడుదల చెయ్యగలిగిండ్రు. ఇబ్రహీంపట్నం కుర్రాణ్ణి గూడ ఆ రోజుల్లనే ఏ గుట్ట కాడనో కాల్చి పారేస్తే? మేమందరం స్వీట్లు పంచుకునేటోళ్ళం. కేసు మూసేసేటోళ్ళు.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీల ఉంది. పోయిన నెల ఫోన్ చేసి సారీ చెప్పిన.

మురళి_కేఆర్‌పురం | ఆదివారం మధ్యాహ్నం 1:05

శ్రీలతమ్మా, నేను ఎన్‌కౌంటర్ కావాలనలేదు. కానీ అబద్ధం ఆడను. ఆ రోజు నేనూ సంతోషపడినాను. మా అమ్మ కూడా టీవీ ముందు దండం పెట్టింది. ఆ సంతోషం ఎక్కడ నుంచి వచ్చింది అంటే ఆ పదకొండేళ్ళ వాయిదాల నుంచి వచ్చింది. దాన్ని తప్పు అని చెప్పేవాళ్ళు ఆ వాయిదాల గురించి కూడా ఏదో ఒకటి చేయాల.

వకీలు_రామ్మోహన్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

మురళి గారి మాటకి నా దగ్గర తేలిక జవాబు లేదు. జైళ్ళ లెక్కలు చూడండి, 2022లో మన దేశపు జైళ్ళలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే ఆలస్యం హతుల కుటుంబాల్ని ఒకవైపు, నిందితుల్ని ఇంకొకవైపు నలిపేస్తోంది.

ఒక్క మార్పు మాత్రం చెప్పాలి. మీ మామగారి రోజుల్లో నిర్దోషి అన్నాక అప్పీలు చేయాలంటే ప్రభుత్వమే చేయాలి. 2009 డిసెంబర్ 31 నుంచి బాధిత కుటుంబమే నేరుగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. మీ అత్తగారికి అప్పట్లో ఆ దారి లేకుండెనేమో. ఆ తీర్పు ఏ సంవత్సరంలో వచ్చిందో నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

కార్తీక్_బనశంకరి | ఆదివారం మధ్యాహ్నం 2:20

నార్వేలో 77 మందిని చంపినవాడికి 21 ఏళ్ళు వేశారు. ఇదేం న్యాయం? ఇటలీ, అమెరికా, నార్వే అన్నీ మెతకే. ఉరి తీసేస్తే పోలా?

వకీలు_రామ్మోహన్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

కార్తీక్ గారూ, ఆ 21 ఏళ్ళు అయిపోగానే తలుపు తీస్తారని కాదు. ఇంకా ప్రమాదకరమే అని కోర్టు అనుకుంటే ఆ నిర్బంధాన్ని మళ్ళీ మళ్ళీ పొడిగించవచ్చు, బతికున్నంత కాలం కూడా. మన దగ్గరా అలాంటి ఆలోచన ఈ బెంగళూరు కేసులోనే పుట్టింది. 1991లో రిచ్‌మండ్ రోడ్డులో ఒకావిడ మాయమైంది, మూడేళ్ళ తర్వాత సొంత ఇంటి ఆవరణలోనే పూడ్చిన శవం బయటపడింది. ఆవిడ భర్త శ్రద్ధానంద మీద నడిచిన కేసు. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టులో మొదట ఇద్దరు జడ్జీలకి ఏకాభిప్రాయం కుదరలేదు. 2008లో ముగ్గురు జడ్జీలు ఉరి తీసేసి, చనిపోయేదాకా విడుదల లేని యావజ్జీవం అన్నారు. 14 ఏళ్ళకి వదిలేస్తారన్న లెక్క దానికి వర్తించదు. ఇప్పుడు దేశమంతటా కోర్టులు ఆ తీర్పుని వాడుతున్నాయి.

కార్తీక్_బనశంకరి | ఆదివారం మధ్యాహ్నం 2:58

ఇది తెలీదు సార్. థాంక్స్. మరి గత ఏడాది మన ఊళ్ళో ఆ సినిమా నటుడి కేసు...

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 3:10

కార్తీక్ గారూ, అది విచారణలో ఉన్న కేసు. ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్న మాటలు ఇక్కడ వద్దు. ఈ చర్చ మొదలైందే అందుకు. దయచేసి పెరూజా, పాత కేసులు, పద్ధతుల వరకే ఉంచండి.

హరిత_హెచ్ఎస్ఆర్ | ఆదివారం సాయంత్రం 5:30

రామ్మోహన్ గారూ, ఒక ప్రశ్న. మా ఊళ్ళో ఒకసారి లాయర్లందరూ కలిసి ఆ నిందితుడి తరఫున ఎవరం వాదించం అని తీర్మానం చేశారు. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. అలా చేయొచ్చా?

వకీలు_రామ్మోహన్ | ఆదివారం సాయంత్రం 5:50

చేయకూడదు. 2010లో తమిళనాడు నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలు చెల్లవని స్పష్టంగా చెప్పింది. నేనూ ఒకసారి అలాంటి నిందితుడి వకాలత్ తీసుకున్నాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లాయరు లేకుండా పడిన శిక్ష పైకోర్టులో నిలబడదు, అప్పుడు నష్టపోయేది బాధిత కుటుంబమే అని ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను. ఒప్పుకుంది అనను, అన్నం పెట్టింది.

సుజాత_మారతహళ్ళి | ఆదివారం రాత్రి 8:40

అందరివీ చదివాను. రెండు సంగతులు రాయాలి.

2011 అక్టోబర్‌లో పెరూజా కోర్టు బయట, విడుదల తీర్పు వినగానే గుంపు "సిగ్గు సిగ్గు" అని అరిచింది. ఆ వీడియో నిన్న మళ్ళీ చూశాను. ఆ మొహాల్లో నాకు నేనే కనిపించాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆడపిల్ల చచ్చిపోయింది, ఎవరో ఒకరు చేశారని తేలితే నిద్రపడుతుంది. మా హాస్టల్లో మాకు కావాల్సింది కూడా నిద్రే. ఆ నిద్ర కోసం ఒక కుర్రాణ్ణి ఇచ్చేశాం.

రెండోది. రెండు రోజులుగా మనం నాక్స్ అంటున్నాం, సొలేచితో అంటున్నాం. మెరెడిత్ గురించి నేను మొదటి పోస్టులో ఒక్క వాక్యం రాశాను, అంతే. ఆమె లీడ్స్‌లో చదువుకుంటూ ఒక ఏడాది కోసం ఇటలీ వచ్చింది. ఆమె ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఇదే చెప్పుకున్నారు, అందరూ మా అమ్మాయిని మర్చిపోయారని. ఇబ్రహీంపట్నం తల్లి కూడా అంతే. కుర్రాడు విడుదలయ్యాక కేసు సీబీఐ చేతికెళ్ళింది, ఆవిడ ఇంకా తిరుగుతూనే ఉంది. మా నాన్న ఫోన్లో అన్నారు, "ఆ తల్లి తన బిడ్డ కోసమే కాదు, ఆ పిల్లాడి కోసం కూడా కొట్లాడిందే" అని. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

చంద్ర_చిత్తూరు | ఆదివారం రాత్రి 9:05

లక్ష రూపాయలు. ఎనిమిదిన్నరేళ్ళకి లక్ష. నెలకి వెయ్యి కూడా పడదు, ఇప్పుడే లెక్క వేసినాను.

వకీలు_రామ్మోహన్ | ఆదివారం రాత్రి 9:20

దానికి మన దగ్గర ప్రత్యేక చట్టమే లేదు, చంద్ర గారూ. 2018లో లా కమిషన్ 277వ నివేదికలో తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళకి పరిహారం చట్టబద్ధం చేయమని చెప్పింది. ఇంకా కాగితం మీదే ఉంది. ఇటలీలో చట్టం ఉంది. అయినా సొలేచితో 5 లక్షల యూరోలు అడిగితే 2017లో కోర్టు ఇవ్వనంది, మొదట్లో అతను చెప్పిన పొంతన లేని మాటలే అరెస్టుకు దారి తీశాయని. చట్టం ఉండి కూడా!

హరిత_హెచ్ఎస్ఆర్ | ఆదివారం రాత్రి 9:35

నాకు 27 ఏళ్ళు. ఇంతవరకు ఒక్కసారి కూడా కోర్టు లోపల చూడలేదు. సినిమాల్లో చూసిందే. మామూలు మనుషులు వెళ్ళి కూర్చోవచ్చా? రానిస్తారా?

నారాయణప్ప_ముళబాగిలు | ఆదివారం రాత్రి 9:50

రానిస్తారమ్మా. కోర్టు అంటే బాగిలు తెరిచి ఉండే చోటు, చట్టంలోనే రాసి ఉండాది. అత్యాచారం కేసులు, చిన్న పిల్లల కేసులు మాత్రం లోపల తలుపులేసి చేస్తారు. మిగతావి ఎవరన్నా వెనక బెంచీ మీద కూచుని వినొచ్చు. సిటీ సివిల్ కోర్టు మైసూర్ బ్యాంక్ సర్కిల్ పక్కనే. మెట్రోలో విశ్వేశ్వరయ్య స్టేషన్లో దిగితే నడిచే దూరం. ఆధార్ కార్డు తెచ్చుకో, ఫోను సైలెంటులో పెట్టు, జడ్జి వచ్చినప్పుడు లేచి నిలబడు. అంతే. అయితే సినిమా మాదిరి ఉండదు, ముందే చెప్తున్నా. సగం దినం వాయిదాలే వింటావు.

మురళి_కేఆర్‌పురం | ఆదివారం రాత్రి 10:02

నారాయణప్ప గారూ, నేనూ వస్తాను. మా అమ్మ అన్ని సార్లు పోయింది, నేను ఎన్నడూ ఆమెతో పోలేదు. స్కూలు ఉందనో, పరీక్షలనో.

నారాయణప్ప_ముళబాగిలు | ఆదివారం రాత్రి 10:10

రా స్వామీ. వచ్చే గురువారం నాకు డాక్టరు దగ్గర పని అటు వైపే ఉండాది. పదిన్నరకి పెద్ద గేటు దగ్గర తెల్ల పంచె, చేతిలో నల్ల గొడుగు, అది నేనే. హరితమ్మా, నువ్వూ అప్పుడే రా. పదకొండుకి ముందు లోపలికి పోతే బెంచీ దొరుకుతాది.

సుజాత_మారతహళ్ళి | ఆదివారం రాత్రి 10:25

గురువారం సెలవు పెట్టాను. నాకూ ఒక చోటు ఉంచండి.